మావాడి చెవిలో నూనె

మా లాబ్రడార్ పేరు ఇక్కడ రాయను. నేను పిలిస్తే ఎలాగూ పలకడు, ఇక రాసి ఏం లాభం? ఇంట్లో "మావాడు" అంటాం. వాడు ఎవరివాడన్నదే అసలు గొడవ.

రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు మావారు విజయవాడ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. మాకు తిరువూరులో నూనె, పప్పుల కొట్టు. ఆయన తెల్లవారగానే కొట్టుకు పోతారు. పెంచింది నేను. పాలు పట్టింది నేను, ఇంటినిండా రాలే బొచ్చు రోజుకు రెండుసార్లు ఊడ్చింది నేను, కూర్చోబెట్టి దువ్వింది నేను. ఈ జాతికి రెండు పొరల బొచ్చు. పైది నీళ్లను జార్చేస్తుంది, లోపలిది మెత్తగా ఉండి చలి తగలనివ్వదు. కాలివేళ్ల మధ్య బాతుకున్నట్టు చర్మం. ఇక తోక, టీపాయి మీద గ్లాసు ఉంటే దాన్ని కింద పడేసేదాకా ఆగదు. పొద్దున గంట, సాయంత్రం గంట పరుగెత్తించకపోతే చెప్పులు, చీపుర్లు నమిలేస్తాడు. ఎంత పెట్టినా ఇంకా కావాలంటాడు. ఇవన్నీ ఓపిగ్గా నేర్చుకున్నాను. నా చేతిలో లేనిదల్లా వాడి నీళ్ల పిచ్చి. నా స్నానానికి బకెట్ నింపితే నాకంటే ముందు వాడే అందులో కాళ్లు పెట్టేవాడు.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల వాటర్ సర్వీసింగ్ ఉంది. నడిపేది ఒక ముస్లిం ఆయన, నలభై ఏళ్లుంటాయి, వీధంతా భాయ్ అనే పిలుస్తాం. పత్తి లారీలు, బురద ట్రాక్టర్లు, మామిడికాయల సీజన్లో వ్యాన్లు కడుగుతాడు. ఒక సాయంత్రం మావాడు నా చేతిలో గొలుసు లాక్కుని పోయి ఆ పైపు ముందు నిలబడ్డాడు. భాయ్ ప్రెషర్ తగ్గించి ధార వదిలాడు. దాన్ని నోటితో పట్టుకోవాలని వాడు ఎగిరిన ఎగురు నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి నాలుగయ్యేసరికి మా గేటు దగ్గర ఒకటే అరుపులు. వదలక తప్పేది కాదు.

పోనీ ఆయనేమైనా ముద్దు చేస్తాడా అంటే అదీ లేదు. కుక్క నోటి తడి తగిలితే ఆ బట్టలు నమాజుకు పనికిరావని చెయ్యి అడ్డం పెట్టి, "దూరం, దూరం రా నాన్నా" అంటాడు. వాడేమో అంత దూరంలోనే బుద్ధిగా కూర్చుని ఆయన్నే చూస్తుంటాడు. నేను నెయ్యేసి పప్పన్నం కలిపి ముద్దలు పెడితే, మింగడం అవగానే మొహం తిప్పేసుకునే వెధవ!

"ఏం మందు పెట్టారు భాయ్ మావాడికి?" అని ఒకరోజు నవ్వుతూ అడిగాను.

"నేనేం పెట్టానక్కా, నీళ్లేగా."

ఆ నవ్వు ఎంత కష్టపడి నవ్వానో నాకే తెలుసు. లోపల ఒళ్లు మండిపోతోంది.

నేనూ తగ్గలేదు. నీళ్లు ఆయనొక్కడే ఇవ్వగలడా అని శనివారం శనివారం వాడికి తలంటు మొదలుపెట్టాను. మా కొట్లో నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, ఒళ్లంతా పట్టించి, మా ఇంట్లో పసిపిల్లలకు చేసినట్టే రెండు చెవుల్లో రెండేసి చుక్కలు వేసి, కుంకుడు రసంతో రుద్దేదాన్ని. వాడు తల విదిలించుకుని, ఒళ్లు ఆరకముందే గేటు వైపు పరుగెత్తేవాడు.

వానాకాలంలో చెవి పాడైంది. తల ఒక పక్కకు వంచి గోక్కునేవాడు. దగ్గరికొస్తే వాసన. "ఆ సర్వీసింగ్ నీళ్లవల్లే" అన్నాను మావారితో. ఆ మాట అంటుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇద్దరం పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన చెవి మడిచి చూసి, దూదితో తుడిచి చూశారు.

"చెవిలో నూనె ఎవరు పోశారండీ?"

మావారు నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను.

"వేలాడే చెవులమ్మా వీటివి, లోపలికి గాలాడదు. నీళ్లలో ఆడనివ్వండి, తర్వాత పొడిగా తుడవండి, చాలు. నూనె పోస్తే తేమ, మురికి అంతా లోపలే ఉండిపోద్ది. మానేదాకా పది రోజులు నీళ్లు వద్దు. నెయ్యీ అదీ పెడుతుంటే అవి కూడా మానెయ్యండి, బరువెక్కువున్నాడు."

ఇన్ని మాటల్లో పది రోజులు నీళ్లు వద్దన్న ముక్క ఒక్కటే పట్టుకుని తిన్నగా భాయ్ దగ్గరికి పోయాను. "మీ నీళ్లవల్లే చెవి కుళ్లిందని డాక్టరుగారు అన్నారు. ఇక వాణ్ణి రానివ్వకండి" అన్నాను.

ఆయన మోటారు ఆపేశాడు. మొహం చిన్నబోయింది.

"రోజూ పొడిగుడ్డతో చెవులు తుడిచే పంపుతున్నానక్కా. ఎక్కడో సరిగ్గా తుడవలేదేమో. తప్పు నాదే, ఏమనుకోకండి."

"సర్లెండి" అన్నాను. తప్పు నాదైతే నేను ఆయన్ని క్షమించి వచ్చాను.

పది రోజుల్లో చెవి మానింది. గొలుసు మాత్రం విప్పలేదు. ఇక వాడు నావాడేననుకున్నాను. వాడు నాలుగు గంటలకు గేటు దగ్గర కూర్చునేవాడు, అరవడం కూడా మానేశాడు. ప్లాస్టిక్ టబ్బు కొని నీళ్లు నింపితే, నా మాట తీసెయ్యలేనట్టు అందులో ఒక నిమిషం నిలబడి దిగిపోయాడు. గిన్నెలో సగం అన్నం వదిలేశాడు. లాబ్రడార్ అన్నం వదిలేసిందంటే పెంచినవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు.

"భాయ్ రోజూ కొట్టుకొస్తున్నాడే" అన్నారు మావారు భోజనాల దగ్గర. "పావుకిలో కందిపప్పు కొని, చెవి తగ్గిందా అని అడిగి పోతున్నాడు. ఎందుకో మరి, నిన్ను అడగడానికి మొహం చెల్లట్లేదంట. ఇంట్లో పప్పు పేరుకుపోయుంటది పాపం."

నేను కంచం తీసుకుని లేచిపోయాను.

మర్నాడు నాలుగు గంటలకు గొలుసు పట్టుకుని నేనే తీసుకెళ్లాను. దారి పొడుగునా నన్ను ఈడ్చుకుపోయాడు. ఒక ట్రాక్టరు కడుగుతున్న భాయ్ మమ్మల్ని చూసి గబుక్కున పైపు వెనక్కి దాచాడు, ఎక్కడ తడుస్తాడోనని.

"డాక్టరుగారు మీ నీళ్లను ఏమీ అనలేదు భాయ్" అన్నాను. "చెవిలో నూనె పోసింది నేను. మీకు అబద్ధం చెప్పాను. వాడు మీ దగ్గరికి వస్తుంటే చూడలేక చెప్పాను."

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే వాడు రావచ్చా అక్కా?" అన్నాడు.

ఆయన అడిగింది అదొక్కటే. నేను గొలుసు విప్పాను. వాడు నీళ్లలో పడి దొర్లుతుంటే, ఒక్కసారైనా ఇటు చూస్తాడేమోనని గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. చూడలేదు. నేను కదలబోతుంటే భాయ్ గమనించి నీళ్లు ఆపేశాడు.

"ఒరేయ్, అమ్మ వెళ్లిపోతోంది, చూడరా" అన్నాడు వాడితో.

వాడు పైపు వంకే చూస్తున్నాడు.