డోలు మీద వేసిన నింద

ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు పైనున్న చిన్న గదిలో ఇరవై ఏళ్లుగా రికార్డింగు పని చేస్తున్నాను. కచేరీలు, హరికథలు, తిరునాళ్ల మేళాలు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి మైకులు సంచిలో వేసుకుని పోతాను. ఈ చుట్టుపక్కల ఈ పని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అనే పొగరు నాకుండేది. ఉండేది అంటున్నానని ఇప్పుడు పూర్తిగా పోయిందనుకోకండి, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, అంతే. ఆ పొగరుతో ఒక పెద్దాయన చేత డోలు మాన్పించాను.

ఆయనది జమ్మలమడుగు. సన్నాయి మేళంలో డోలు వాయించేవాడు. కుడిచేతి వేళ్లకు గుడ్డపేలికలు గంజిలో తడిపి చుట్టి ఎండబెట్టిన తొడుగులు, ఎడమచేతిలో పుల్ల. ఆయన మొదలుపెడితే పక్క వీధిలో బేరాలాడేవాళ్లు కూడా మాట ఆపేవారు. అంత గట్టి దెబ్బ. చుట్టరికం ఏమీ లేకపోయినా మామా అని పిలిచేవాణ్ని. ముప్పై ఏళ్లుగా ఒకే సన్నాయి ఆయనతో కలిసి వాయించేవాడు.

ఒక దసరాకు ప్రొద్దుటూరులోనే వాళ్ల కచేరీ రికార్డు చేశాను. డోలుకు జానెడు దూరంలో మైకు పెట్టాను. నిర్వాహకులు మనిషంత ఎత్తు స్పీకర్లు పెట్టి హోరెత్తిస్తుంటే హెడ్‌ఫోన్లలో ఏది ఏ శబ్దమో తెలిసే దారి లేదు. అందుకని రికార్డర్ మీది లైట్లను నమ్ముకున్నాను. పచ్చ వెలిగింది, అప్పుడప్పుడు పసుపు వెలిగింది. శబ్దం మితిమీరితే వెలిగే ఎర్రది ఒక్కసారి కూడా రాలేదు.

ఇంటికొచ్చి వింటే డోలు మీద గట్టి దెబ్బ పడిన ప్రతిచోటా కాగిన నూనెలో నీళ్లు చిందినట్టు చిటపట. దెబ్బల మధ్య సన్నాయి మాత్రం తేటగా ఉంది. ఎర్రలైటు వెలగలేదు కాబట్టి నా పని సరిగానే ఉంది, ఇక చెడింది డోలే అని తేల్చేశాను. ఎంతసేపు ఆలోచించానంటే, ఒక టీ తాగినంతసేపు కూడా కాదు.

ఫోను చేసి, "మామా, నీ డోలు పగులుతాంది. మూతలు మార్పించు" అన్నాను.

"నా చెవికి బాగనే ఉండాదే అప్పా" అన్నాడాయన.

"నీ చెవికి వయసైంది మామా. నా మిషన్‌కు కాలేదు."

ఆ మాట అన్నది నేనే. ఆయన డోలుకు రెండు వైపులా కొత్త చర్మం వేయించాడు.

తర్వాత జమ్మలమడుగులోనే ఒక గుడి ఉత్సవంలో మళ్లీ రికార్డు చేశాను. ఈసారి రికార్డర్‌లో లెవెల్ సగానికి తగ్గించాను. శబ్దం చిన్నదైంది గానీ చిటపట పోలేదు. బుద్ధున్నవాడెవడైనా అక్కడ ఆగి ఆలోచించాలి. లెవెల్ తగ్గించినా పగులు తగ్గలేదంటే, అది రికార్డర్‌కు చేరకముందే, ఇంకా వెనకెక్కడో పుడుతోందని అర్థం. ఈ సంగతి నాకు తెలియక కాదు, నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు నేనే చెబుతుంటాను. కానీ నా అనుమానం నా మైకు వైపు పోనే లేదు. కొత్త మూతలేసినా పగులుతోందంటే డోలుది కాదు, చేతిదే తప్పు అనుకున్నాను.

ఆ మాట ఫోనులో చెప్పినా కొంత మర్యాదగా ఉండేది. పందిట్లో, సన్నాయి ఆయన ముందు, మరో నలుగురి ముందు చెప్పాను. "దెబ్బ అదుపులో లేదు మామా. వయసు మీద పడితే అంతే. కొంచెం నెమ్మదిగా వాయించు."

ఆయన తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "అట్లనా" అన్నాడు. అంతే.

మూడోసారి నెమ్మదిగానే వాయించాడు. రికార్డింగు అద్దంలా వచ్చింది. నా సంబరం చెప్పలేను. చూశారా, నేను చెప్పినట్టు వింటే ఎంత బాగా వచ్చిందో అని కనిపించిన ప్రతివాడికీ వినిపించాను, నా ఛానెల్లో కూడా పెట్టాను. సన్నాయి ఆయన మాత్రం విని మొహం చిట్లించాడు. "పస లేదప్పా. నా ఎనక ఎవురూ లేనట్టుండాది" అన్నాడు. ఆ ఏటి పెళ్లిళ్ల రోజులు గడిచేలోపే ఇంకో డోలు మనిషిని కుదుర్చుకున్నాడు.

పెద్దాయన గొడవ పడలేదు. చెయ్యి పోయినాక ఏం కొట్లాడేది అన్నాడట. తొండూరు దగ్గర ఒక భజన మందిరానికి డోలు ఇచ్చేశాడని తెలిసింది. నేను జాలిపడ్డాను. ఇంకా చెప్పాలంటే, నిండు సభలో పరువు పోకముందే నేను హెచ్చరించి మంచిపని చేశాననుకున్నాను. నా మీద నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఎక్కువ మంట ఈ ఒక్క సంగతికే.

రెండేళ్లు గడిచాయి. పులివెందులలో ఒక పెళ్లికి పోయాను. మేళంలో ఇద్దరు వయసు కుర్రాళ్లు, రెండూ కొత్త డోళ్లే. అదే మైకు, అదే జానెడు దూరం. మరుసటి రోజు పొద్దున గదిలో కూర్చుని వింటే అదే చిటపట. ఈ పిల్లల చేతులకు కూడా వయసైందా?

వంటింట్లోంచి స్టీలు పళ్లెం, అప్పడాల కర్ర తెచ్చుకున్నాను. మైకు పక్కనే పళ్లెం పట్టుకుని గట్టిగా కొట్టాను. శబ్దం పగిలింది. లెవెల్ తగ్గించి కొట్టాను. చిన్నగా పగిలింది. కంప్యూటర్ తెర మీద చూస్తే శబ్దపు అలల తలలు కత్తితో కోసినట్టు సాపుగా ఉన్నాయి. అలల పైన సగం జాగా ఇంకా ఖాళీగానే ఉంది. అంటే రికార్డర్‌కు చేరకముందే, మైకు లోపలే తలలు తెగుతున్నాయి. అంత దెబ్బ అంత దగ్గర నుంచి మైకు తట్టుకోలేకపోతోంది. రికార్డర్ దాకా వచ్చేది అప్పటికే తెగిన శబ్దం, అందుకే ఎర్రలైటు వెలగలేదు. నాలుగడుగులు దూరం జరిగి కొట్టాను. ఏ పగులూ లేదు.

ఆ మైకుకు కింది భాగంలో గోరంత స్విచ్చి ఒకటుంది. పెద్ద శబ్దాలప్పుడు దాన్ని కిందికి జరపాలి. సంచిలో రాపిడికి అది జరిగిపోతోందని ఎప్పుడో నేనే దాని మీద నల్లటేపు చుట్టాను, చుట్టిన సంగతే మర్చిపోయాను. టేపు పీకి, స్విచ్చి జరిపి, మళ్లీ దగ్గర నుంచే కొట్టాను. పళ్లెం పళ్లెంలా మోగింది.

పాత ఫైళ్లు తీశాను. దసరా రోజున తెగిన తలలే, గుడి ఉత్సవంలోనూ తెగిన తలలే. మూడోదాంట్లో ఒక్కటీ తెగలేదు. నా మైకు ఓర్చుకోగలిగినంతే వాయించాడు పాపం.

ఆ సాయంత్రమే జమ్మలమడుగు బస్సెక్కాను. ఆయన అరుగు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాడు. ఏదీ దాచకుండా చెప్పాను. నీ డోలు బాగుంది, నీ చెయ్యి బాగుంది, తప్పంతా నాది అన్నాను. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"అయితే ఆ పొద్దు నేను సరిగ్గానే వాయించినానా?"

"సరిగ్గానే వాయించినావు మామా."

ఆయన ఒలిచిన గింజలు గిన్నెలోకి తోసి, కుడిచేతి వేళ్లు నాకు చూపించాడు. కాయలు కరిగిపోయి, బడిపిల్లవాడి వేళ్లలా మెత్తగా ఉన్నాయి.

"చెయ్యి చెడిందనుకున్యా గాబట్టి నిమ్మళంగా ఉన్యా" అన్నాడు. "ముసిలితనం, అందరికీ వచ్చేదే అనుకుంటి. బాగున్నెప్పుడే ఇడిసిపెట్టినానని ఇప్పుడొచ్చి చెప్తివి. ఇంగ నేను నిద్రపోయేదెట్లప్పా?"

క్షమించమని అడగడానికి పోతున్నాననుకున్నాను. నా గుండె మీది బరువు దించుకోవడానికే పోయానని, దాన్ని ఆయన మీద పెట్టానని అప్పుడు తెలిసింది. ఆయన మళ్లీ చిక్కుళ్లు ఒలవసాగాడు. "ఆఖరి బస్సు పోతాది, పో" అన్నాడు, నా వైపు చూడకుండా.