అవతలి ఒడ్డున కార్డు

ముందు కిర్రుమనే చప్పుడు వినిపించేది. నర్సాపురం మెయిన్‌రోడ్డు మీద లారీలు వెళ్తున్నా, మైకులో ఎవరో ఉపన్యాసం ఇస్తున్నా, ఆ తోలు చెప్పుల చప్పుడు మాత్రం దేనితోనూ కలవకుండా విడిగా నడిచి వచ్చేది. దాని వెనక గొడుగు, గొడుగు కింద జగన్నాథరాజు గారు.

రాజుగారికి ఒక్కటే లోపం. ఎవరేమడిగినా "లేదు" అనలేరు. అంత మొహమాటం ఉన్న మనిషి తన క్రెడిట్ కార్డుని గోదావరి అవతల, సఖినేటిపల్లి రేవులో చేపలమ్మే అప్పాయమ్మ పాకలో దాచుకున్నారు. మనిషిది పశ్చిమగోదావరి. కార్డు కాపురం తూర్పుగోదావరి. మధ్యలో వశిష్ఠ పాయ.

వారి మేడమీది గదిలో నేను చాలాకాలం అద్దెకున్నాను. దిగువన వారి భార్య వరలక్ష్మమ్మ గారు నాకు కాఫీ ఇస్తూ, ఏమాత్రం నవ్వకుండా చెప్పేవారు:

"ఆయనకా మాట రాదండి మాస్టారూ. నన్ను చూసుకోడానికి వచ్చినప్పుడూ రాలేదు."

కార్డు కూడా అలాగే వచ్చింది. టై కట్టుకున్న ఏజెంటొకాయన ఎండనపడి వచ్చాడు. రాజుగారు ఆయనకి మంచినీళ్ళిచ్చారు, మజ్జిగిచ్చారు, చివరికి సంతకం కూడా ఇచ్చారు.

మా వీధికి అది మొదటి కార్డు. నెల తిరక్కుండానే అడిగేవాళ్ళు మొదలయ్యారు. ఒకరికి ఫ్రిజ్జు, ఒకరికి మోటారుసైకిలు. కార్డు మీద కొనిపెడితే వాయిదాల్లో ఇచ్చేస్తామనేవారు. రాజుగారు ఎవరినీ కాదనలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, గొడుగు తీసి, "కార్డు అవతల ఉందండి. పదండి, దాటుదాం" అనేవారు.

ఏరు దాటించే పంటు మీద మాటకి ఒడ్డున ఉన్న బరువు ఉండదు. ఇంజను చప్పుడు దాన్ని సగం తినేస్తుంది, మిగతా సగం గాలి పట్టుకుపోతుంది. నది నడుమకి రాగానే రాజుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నారు? ఏం కొనాలన్నారు?" అని అడిగేవారు. అడిగినవాళ్ళు మళ్ళీ చెప్పాలి, ఈసారి అరిచి చెప్పాలి. అలా అరిచినప్పుడు మనిషి తన కోరికని మొదటిసారి తనే వింటాడు. చుట్టూ అంత నీరు, పైన అంత ఆకాశం. వాటి మధ్య ఫ్రిజ్జు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అవతల ఒడ్డుకి చేరేసరికి, "ఇప్పుడు కాదులెండి రాజుగారూ" అని, దిగకుండా అదే పంటులో వెనక్కి వచ్చేసేవారు.

మందులషాపు వెంకటేష్ ప్రపంచకప్పు కోసం కలర్ టీవీ కొంటానని దాటి, వద్దనుకుని తిరిగొచ్చాడు. కప్పు అయ్యేదాకా ప్రతి ఆటా రాజుగారి హాల్లోనే చూశాడు, బావమరుదులతో సహా. టీవీ కొనిపెట్టినా ఇంతకంటే చవగ్గా అయ్యేదని వరలక్ష్మమ్మ గారు వాళ్ళ కాఫీలకైన పాల లెక్క చూసి చెప్పారు.

ఒకరోజు చైతన్య వచ్చాడు. రాజుగారి మేనల్లుడు, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపు. అతని దగ్గరే మూడు కార్డులున్నాయి. షాపులోకి సరుకంతా వాటి మీదే తెచ్చాడు. సరుకు కదల్లేదు. ఒక కార్డు మీద నగదు తీసి ఇంకో కార్డుకి కడుతున్నాడు. సోమవారంలోగా కట్టకపోతే షాపు ముందుకొచ్చి నిలబడతామని వసూలువాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. మావయ్య కార్డు దొరక్కపోతే తన భార్య హైమ గొలుసు ఆమెకి చెప్పకుండా తాకట్టు పెట్టడం ఒక్కటే మిగిలింది.

"పద, దాటుదాం," అన్నారు రాజుగారు. నన్నూ రమ్మన్నారు.

నది నడుమ చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది.

"ఎంత కావాలన్నావు?"

"బిల్లులో మినిమమ్ కడితే చాలండి మావయ్యగారూ!" అని చైతన్య అరిచాడు. సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు.

"హైమకి తెలుసా?"

చైతన్య నీళ్ళకేసి చూశాడు.

"ఏమన్నావు?"

"నేనేమీ అనలేదండి."

"అదే వినపడిందిరా."

రాజుగారు ఏరు సముద్రంలో కలిసే అంతర్వేది వైపు చెయ్యి చూపించారు. "మినిమమ్ కట్టడమంటే ఏటి మధ్యలో ఇంజను ఆపుకోవడం. మునిగిపోం. ఒడ్డుకీ చేరం. అలా సముద్రంలోకి పోతూ ఉంటాం, అంతే."

పంటు ఆగింది. చైతన్య దిగాడు. అంతకుముందు అడగవచ్చినవాళ్ళెవరూ అక్కడ దిగలేదు. రాజుగారి చెప్పుల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

అప్పాయమ్మ కత్తిపీట మీదనుంచి లేచి, చేతులు కడుక్కుని, చూరులోంచి పసుపు డబ్బా తీసింది. "ఆయ్, భద్రంగా ఉందండి. ఇన్నాళ్ళకి దీనికి గాలి తగిలింది."

చైతన్య కార్డుకంటిన పసుపు తుడిచి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మావయ్యగారూ, దీని గడువు రెండేళ్ళ కిందటే అయిపోయిందండి."

"తెలుసు. కొత్తది పంపుతామన్నారు. వద్దన్నాను."

"మీరు వద్దన్నారా?"

"ఫోనులోరా. మొహం కనపడదు కదా."

రాజుగారు అప్పాయమ్మ వేసిన పీట మీద కూర్చున్నారు. "గుమ్మంలో నిలబెట్టి లేదంటే మనిషి చిన్నబోతాడు. అదే ఏటి మీద తనే వద్దనుకుంటే తల ఎత్తుకుని ఇంటికెళ్తాడు. ఇక్కడిదాకా దిగొచ్చింది నువ్వొక్కడివే. అంటే నీది సరదా కాదు, పీకలమీది అవసరం."

దాళ్వా పంట ధాన్యం డబ్బు వచ్చిందని, దాంతో మూడు కార్డులూ ఒకేసారి తీర్చేస్తానని, తనకి వడ్డీ వద్దని, పంట పంటకీ కొంత ఇస్తే చాలని చెప్పారు. షరతులు రెండు. కార్డులు ఇక్కడితో పోవాలి. హైమకి చైతన్యే చెప్పాలి.

చైతన్య మూడు కార్డులూ తీసి అప్పాయమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ కత్తిపీట మీద కూర్చుని, ఏ చేపకైనా ఇచ్చే గౌరవంతోనే, ఒక్కొక్కటీ నాలుగు ముక్కలు చేసింది.

"ముల్లు లేదండి. సుళువుగానే తెగాయి."

తిరుగు పంటులో చైతన్య హైమకి ఏం చెప్పాలో మావయ్యకి చెప్పి చూసుకున్నాడు. రాజుగారు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏమన్నావు?" అన్నారు. మళ్ళీ చెప్పాడు. ఒడ్డు చేరేసరికి ఎక్కడా తడబడకుండా చెప్పాడు.

హైమ కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆ తరవాత షాపు గల్లాపెట్టె తాళం తను తీసుకుంది. ఆ గొలుసు ఈనాటికీ ఆమె మెడలోనే ఉంది.

నాకు భీమవరం బదిలీ అయినప్పుడు బస్సు ఎక్కించడానికి రాజుగారు వచ్చారు. కిటికీ పక్కన కూర్చున్న నాకు ముందు చెప్పుల చప్పుడే వినిపించింది. నేనూ ఈమధ్య ఒక కార్డు తీసుకున్నానని, ఇంట్లో ఉన్న డబ్బుకి మించి వాడనని, గడువులోగా మొత్తం కట్టేస్తున్నానని గర్వంగానే చెప్పాను. ఆయన తల ఊపారు. కానీ కండక్టరు విజిల్ ఊదాక కిటికీ దగ్గరికి వచ్చి, చాలా గంభీరంగా అన్నారు:

"భీమవరంలో దాటడానికి ఏరు లేదు కదండీ. అప్పాయమ్మ డబ్బాలో ఇంకోదానికి చోటుంది మాస్టారూ."