నల్లబల్ల ముందు నా భయం తీరిన రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, యుద్ధం జరుగుతున్న రోజుల్లో బెజవాడ ట్రైనింగు స్కూల్లో పంతులమ్మ చదువు చదువుతూ నేను పడిన వేదన చెప్పుకోవడానికి మీ ముందు నిలబడ్డాను. నాకు చిన్నప్పటినుంచి నత్తి. చల్లపల్లి దగ్గర మా పల్లెలో పంతులుగారు చనిపోయాక బడి రెండేళ్ళు మూతపడి ఉంది, ఎవరూ రావడంలేదు, మన పిల్లలకు మనమే ఒకరిని తయారుచేసుకుందామని సంఘంవారు ఎనిమిదో క్లాసు ప్యాసైన నన్ను ఎంచుకుని, ప్రార్థన చేసి పంపించారు.

మొదటి ఏడు పుస్తకాల చదువు గనుక గడిచిపోయింది. రెండో ఏడు నిజంగా తరగతిలో నిలబడి పాఠం చెప్పాలి. ఎదురుగా మూడో తరగతి ఆడపిల్లలు నలభైమంది, వెనక బెంచీమీద నా తోటి విద్యార్థినులు. ఆ రోజు పాఠం కృష్ణానది, దాని కాలువలు. "కృష్ణ" అన్న మాట దగ్గరే నా నాలుక పట్టేసింది. "క, క, క" అంటూ ఉండిపోయాను. ముందు వరుసలో సుందరమ్మ అనే పిల్ల నాలాగే "క, క" అంది, గదంతా నవ్వింది, నేనేం చేస్తున్నానో తెలియక ఆ పిల్ల చెంపమీద కొట్టాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను తన గదికి పిలిపించారు. "చూడు రత్నమ్మా, నత్తి ఉందని నేను నిన్ను తప్పుపట్టను. పసిదాన్ని కొట్టావు, అది తప్పు. సోమవారం ఇన్‌స్పెక్ట్రెస్ గారు వస్తున్నారు. ఆవిడ ముందు ఇదే పాఠం చెప్పు. అదీ కుదరకపోతే ఇంటికెళ్ళిపోవాలమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం బందరు కాలువ గట్టున కూర్చుని, ఏ ముఖం పెట్టుకుని ఊరికి పోవాలా అని ఏడ్చాను. "ప్రభువా, నా నాలుక బాగుచెయ్యి, లేదా ఈ పనినుంచి నన్ను తప్పించు" అని ప్రార్థించాను. ఎంత ప్రార్థించినా ఆ పిల్ల ముఖమే కళ్ళముందుకు వచ్చింది, ముందు దాని దగ్గరికి వెళ్ళమని దేవుడు నా మనసులో తొందరపెట్టాడు.

మరునాడు తరగతి అందరిముందు, "సుందరమ్మా, నిన్ను కొట్టడం నాది త, తప్పు. క్షమించు" అన్నాను. ఆ నాలుగు మాటలకు చాలాసేపు పట్టింది, ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల లేచి నిలబడి, "మాట రాకపోతే బోర్డుమీద రాయండి టీచరుగారూ, మేం చదువుతాం. మా నాన్న పడవ నడుపుతాడండీ, కాలవల పేర్లన్నీ నాకొచ్చు" అంది.

సోమవారం ఇన్‌స్పెక్ట్రెస్ గారు వెనక కూర్చున్నారు. నేను నల్లబల్లమీద ఆనకట్ట గీశాను, కాలువలు గీశాను, నాలుక ఆగినచోట సుద్దముక్కతో రాశాను, పిల్లలు గొంతెత్తి చదివారు, సుందరమ్మ లేచి కాలువ లాకుల దగ్గర తలుపులు మూసి నీళ్ళు తగ్గిస్తే పడవ ఎలా కిందికి దిగుతుందో చేతులతో చూపించింది. నత్తి నాలుగైదుసార్లు వచ్చింది గాని భయం రాలేదు. గంట కొట్టినా పిల్లలు ఆపలేదు. ఇన్‌స్పెక్ట్రెస్ గారు లేచి, "నువ్వు కాస్తే మాట్లాడావు, వాళ్ళేమో బోలెడు నేర్చుకున్నారు. వెళ్ళి మీ ఊరి బడి తెరవమ్మా" అన్నారు. నా గుండెలమీదనుంచి బండ దింపినట్టయింది. దేవునికే మహిమ.

ఆ వేసవి అయ్యాక మా పల్లెలో బడి తెరిచాం. నా నత్తి పోలేదు, మీరు వింటూనే ఉన్నారు. అయినా ఇంతమంది ముందు నిలబడి చెప్పగలుగుతున్నానంటే ఆయన కృపే. మీలో ఏ లోపంవల్లనో నలుగురిలోకి రాలేక వెనకడుగు వేస్తున్నవారు ఉంటే, అది పోయేదాకా ఆగకండి. దానితోనే ఆయన దగ్గరికి రండి, ఆయన చేర్చుకుంటాడు.