నాన్న ఇంట్లో లేరండి

కారు నడపడం నేర్పే మాస్టారుగా అతనికి పదహారేళ్ల అనుభవం. నేర్చుకునేవాళ్లు లారీకి ఎదురెళ్లినా గొంతు పెంచేవాడు కాదు. అలాంటి మనిషికి ఆ ఏడాది జేబులో ఫోను మోగితే చాలు, గుండెల్లో రాయి పడేది.

అప్పులు ఒక్కసారిగా మీద పడలేదు. మొదట ఫ్రిజ్ వాయిదా. తర్వాత గోడంత టీవీ. "నెలకి వెయ్యేగా" అనుకుంటూ సోఫా. ఆ వాయిదాలు కట్టడానికి ఒకచోట అప్పు, అది తీర్చడానికి మరోచోట. భార్యకు తెలిసినవి మూడు. ఉన్నవి ఏడు.

ఆమె కుట్టు దుకాణం నుంచి వచ్చేసరికి ఏడయ్యేది. ఆలోగా వసూలువాళ్లు ఫోను చేస్తే, అతను ఇంట్లోనే ఉన్నా పదకొండేళ్ల కూతురు ఎత్తేది. "నాన్న ఇంట్లో లేరండి, ఫోను మర్చిపోయి వెళ్లారు" అని చెప్పమని నేర్పింది అతనే.

ఒక సాయంత్రం అతను స్నానం చేసి బయటికొచ్చేసరికి కూతురు ఫోనులో వెక్కుతోంది. "నాన్నకి ఆపరేషన్ అయిందండి... ఇంకా కళ్లు తెరవలేదు..." అతను తువ్వాలుతో గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఫోను పెట్టేసి ఆ పిల్ల కళ్లు తుడుచుకుని నవ్వింది.

"ఇంక వారం దాకా చెయ్యరులే నాన్నా!"

అయిదు నిమిషాలకే మళ్లీ మోగింది. కూతురు చెయ్యి చాచింది. అతను అడ్డుపడి తనే ఎత్తాడు.

"ఏ ఆస్పత్రమ్మా?" అంది అవతలి గొంతు.

"నేనే మాట్లాడుతున్నానండి. ఒంట్లో బానే ఉంది. మా అమ్మాయి అబద్ధం చెప్పింది. నేర్పింది నేనే. ఈ నెల కట్టలేను."

అవతలివాడు తిట్టాల్సినన్ని తిట్లు తిట్టి, వాయిదా తగ్గించాలంటే భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలన్నాడు.

భార్య రాగానే, చెప్పులు విడిచే లోపే అప్పులన్నీ చెప్పేశాడు. ఆమె ఏడవలేదు, అరవలేదు. "ఏడా?" అని మాత్రం అంది. ఆదివారం టీవీ, సోఫా వచ్చినకాడికి అమ్మేశారు. సోమవారం అప్పిచ్చినవాళ్ల ఆఫీసుకెళ్లి ఇద్దరూ సంతకాలు పెట్టారు. వాయిదా సగమైంది, గడువు నాలుగేళ్లు పెరిగింది.

తిరుగు బస్సులో ఆమె కిటికీవైపే చూస్తూ కూర్చుంది. దిగబోయే ముందు అడిగింది.

"ఇంకేమన్నా ఉన్నాయా?"

"లేవు. ఒట్టు."

అది నిజమే. ఆమె అతని ముఖంలోకి ఓసారి చూసి బస్సు దిగింది. నమ్మిందో లేదో అతనికి అంతుచిక్కలేదు.