‘దానపత్రం’ అని రాసి ఉన్నచోట

పోయిన ఆదివారం పొద్దున మా సారు కన్నుమూశారు. కామారెడ్డి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసి, "అక్కా, బాపు పోయిండు" అన్నాడు. మీలో చాలామందికి ఆయన తెలియదు. బడిలో నాకు చరిత్ర చెప్పారు. రిటైరయ్యాక మా ప్రాంతపు పాత గడుల మీద, అంటే దొరల కోటల్లాంటి ఇళ్ళ మీద, వ్యాసాల సంపుటికి సంపాదకుడిగా ఉండి, నాకు రాయడం నేర్పారు. సాయంత్రానికల్లా వీధి మొదట్లో ‘చరిత్ర శిఖరం’ అని ఫ్లెక్సీ కట్టారు. ఆయనే చూసుంటే ముందు ఆ రెండు మాటలూ కొట్టేయించేవారు.

పొగడ్త అంటే ఆయనకు ఒళ్ళుమంట. నా మొదటి వ్యాసంలో ఒక గడిని ‘రాజప్రాసాదం’ చేశాను. అక్కడి సనదును ‘మహోజ్జ్వల రాజశాసనం’ అన్నాను. సనదు అంటే ఫలానా హక్కు నీకిచ్చామని పైవాళ్ళు రాసిచ్చే కాగితం, అంతే. సారు చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ చదివారు.

"పొగిడేటందుకు పెండ్లి పత్రికలున్నయి బిడ్డా. కాగితం పుట్టిన్నాడే దానికి పేరు పెట్టిన్రు. మల్ల మనం తొట్టెల చేసి ఇంకో పేరు పెట్టుడెందుకు?"

సంపుటికి రాసేవాళ్ళందరికీ అదే పద్ధతి. కాగితం మీదున్న పేరైతే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. మనం పెట్టుకున్న పేరైతే గుర్తులు లేకుండా మామూలు మాటలో రాయాలి. ఆ కాగితం ఎవరి దగ్గరుందో చెప్పాలి. ఫర్మానా కానిదాన్ని ఫర్మానా అంటే వ్యాసం తిరుగు టపాలో వచ్చేది. మహారాష్ట్ర సరిహద్దున మద్నూరు నుంచి రాసే ఒకాయన మరాఠీ కాగితం పేరును తెలుగులోకి మారిస్తే, మళ్ళీ మరాఠీ పేరే పెట్టించారు. ఇంత పట్టింపా అని మేం చాటున నవ్వుకునేవాళ్ళం.

ఆ పద్ధతే ఒకసారి ఆయనకు అడ్డం తిరిగింది. ఎల్లారెడ్డి వైపు ఒక గడి గురించి రాస్తున్నాను. గడి వారసులు చూపిన కాగితంలో ఒక రైతు తన మెట్ట చెలకను గడి తోటకు ఇష్టంగా ఇచ్చినట్టుంది. పైన ‘దానపత్రం’ అని ఉంది. అలాగే రాశాను. అచ్చుకు పోయేముందు సారు, నేను ఆ రైతు మనవరాలిని చూడబోయాం. బీడీలు చుట్టే ముసలమ్మ, చదువు రాదు. సారు చదివి వినిపిస్తే, ఒళ్ళోని చాట పక్కకు పెట్టింది.

"మా తాత ఇయ్యలె సారూ, గుంజుకున్నరు. మా బాపు సచ్చేదాక గిదే చెప్పిండు. ఇప్పుడు మీరు గూడ దానమనే అచ్చేస్తరా?"

తిరుగు బస్సు దిగాక, కామారెడ్డిలో సారు అన్నారు: "కాగితం పేరు కొట్టెయ్యం. అది అబద్ధమైతే, ఆ అబద్ధం గూడ చరిత్రనే. కని ఆమె మాట దాని పక్కనే ఉండాలె. కింద సన్నక్షరాలల్ల కాదు, అదే వాక్యంల."

"ఆమె చెప్పిందే నిజమని ఎట్ల తెలుస్తది సార్?" అన్నాను.

"తెల్వది. మరి కాగితం చెప్పింది నిజమని నీకెవలు చెప్పిన్రు?"

ఇప్పటికీ ఏ పాత కాగితం ముట్టుకున్నా ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను.

ఆ వాక్యం ఉంటే గడి ఫోటోలు వేసుకోనిచ్చేది లేదని వారసులు కబురు పెట్టారు. సంపుటి అట్ట మీద వెయ్యాలనుకున్న బొమ్మ ఆ గడిదే. సారు ఫోన్లో గొంతైనా పెంచలేదు. "ఫోటోలు మీయి పటేల్ సాబ్, తీస్కపోండ్రి. వాక్యం మాత్రం ఉంటది" అన్నారు. పుస్తకం ఉత్త అక్షరాల అట్టతో వచ్చింది. దాన్ని చూసి మొహం చిట్లించినవాళ్ళున్నారు. నాకైతే ఆయన శిష్యురాలినని చెప్పుకోవడానికి ఆ అట్టే చాలు.

అప్పటికే ఆయనకు ఆయాసం. వద్దన్నా వినకుండా పుస్తకం సంకలో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కారు. తోడుగా నేను వెళ్ళాను. ముసలమ్మ గడప పక్కన కూర్చుని, ఊపిరి తీసుకుంటూ మెల్లగా చదివారు: "గడివారు ‘దానపత్రం’ అని రాసుకున్న, చెలకను గుంజుకున్నారని రైతు ఇంటివారు చెప్పే పత్రం ఇది."

"మా మాట ఏడుంది సారూ?" అని అడిగింది ఆమె.

సారు చూపించారు. తంబాకు పొడి అంటిన వేలు ఆ వరుస మీద పెట్టి, ఆమె అలాగే చూస్తూ కూర్చుంది. ఆమె వేలు తీసేదాకా సారు పేజీ తిప్పలేదు.