తుడవడానికి తీసుకున్న తాళంచెవి

ఇంటర్‌లో చేరాక పిల్లలు మనకు దొరకరని నా భార్య అనేది. జూన్‌లో హాస్టల్లో వేసేస్తారు. అక్కడి నుంచి రెండేళ్లపాటు వాళ్లకు ఎంట్రన్స్ పరీక్ష తప్ప మరో లోకం ఉండదు. అందుకే పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలోనే, మల్కాపురంలో మా కాలనీ పిల్లలకు వెబ్ పేజీలు తయారు చేయడం నేర్పాలనుకుంది. మధురవాడలో తను చేసిన ఉద్యోగమూ అదే. ఆఫీసులో పక్కన పెట్టిన పాత కంప్యూటర్లు ఇవ్వమని అడిగి ఒప్పించింది. మొదటి రోజు రంగులు వద్దు, బొమ్మలు వద్దు, ఒట్టి మాటలే అంది. ప్రతి ఒక్కరూ తమ గురించి నాలుగు వాక్యాలు రాయాలి, పక్కన కూర్చున్నవాళ్ల పేజీకి ఒక లింకు ఇవ్వాలి. అంతే పాఠం.

కంప్యూటర్లు కాలనీ కమ్యూనిటీ హాలుకు చేరేసరికి తను లేదు. దసరా వెళ్లిన వారానికి పోయింది. మాకు పిల్లలు లేరు గనుక కర్మ నేనే చేశాను.

తన దగ్గర ఈ పని సగం నేర్చుకున్నాను. ఆ సగం నేర్పడానికి సరిపోతుందనే ధైర్యంతో, పరీక్షలు కాగానే కాలనీ కమిటీ ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లాను. రిఫైనరీలో రిటైరైన మనిషి. కమ్యూనిటీ హాలు తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. మాకు చుట్టరికం లేదు, అయినా బావా అనే పిలుస్తాడు.

"మంచి పని సేత్తన్నావ్ బావా, కాదన్నానా? గానీ నీకు ఏడాది కాలేదు గదా. కొత్త పని నీ సేత్తో మొదలెడితే పిల్లల తల్లులు ఊరుకుంటారేటి?"

"కంప్యూటరుకు కూడా మైల ఉంటుందా?"

"కంప్యూటరుకేటి, పిల్లలకి. మీ గోదారోళ్లకి నేదేటి ఇది? దసరా ఎల్లాక పెట్టుకుందాం. దీపం ఎలిగించి, ఎవరినైనా పెద్దాయన్ని పిలిచి, దర్జాగా మొదలెడదాం."

దసరా వెళ్లేసరికి వాళ్లంతా హాస్టళ్లలో ఉంటారని చెప్పాను. వాళ్లు పోతే వచ్చే ఏడాది వేరే పిల్లలు ఉంటారు గదా అన్నాడు. నిజమే. అందుకే మరింత కోపం వచ్చింది. ఈ పిల్లలకు నా భార్య మాటిచ్చింది. వీధిలో ఆపి మరీ అడిగేవాళ్లు, ఆంటీ ఎప్పుడు మొదలవుతుందని.

మళ్లీ వెళ్లాను. దీపం మీరే వెలిగించండి, నేను ఇంట్లోనే ఉంటాను, మర్నాటి నుంచి నేర్పుతాను అన్నాను. అది కుదరదట. నేర్పేవాడు లేకుండా ప్రారంభం ఏమిటని ఆయన అనుమానం. మరో రోజు, తనకు తెలిసిన కోచింగ్ సెంటరు కుర్రాడున్నాడని, వాడు టైపింగు నేర్పి సర్టిఫికెట్ కూడా ఇస్తాడని చెప్పాడు.

"సర్టిఫికెట్ ఇస్తే తల్లులు ఎగబడి పంపిత్తారు బావా. నీ పేజీలకి సర్టిఫికెట్ ఉందేటి?"

లేదన్నాను.

దుర్మార్గుడైతే తిట్టి వచ్చేవాణ్ణి. మా ఇంట్లో పదకొండు రోజులూ వచ్చినవాళ్లందరికీ అన్నం క్యారియర్లు పంపింది ఆయన ఇంటివాళ్లే. పరామర్శకు వచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్లింది ఆయనొక్కడే. అలాంటివాడి మీద కోపం ఎటూ పోదు, లోపలే ఉండిపోతుంది.

మే నెల సగమైంది. ఒకరోజు హాలు కిటికీలోంచి చూశాను. కంప్యూటర్ల మీద కప్పిన ప్లాస్టిక్ కవర్లు నల్లగా ఉన్నాయి. రేవులోని బొగ్గు కుప్పల వైపు నుంచి గాలి వీస్తే మా కాలనీలో బొగ్గు పొడి పడని చోటుండదు. రెండు పూటలా తుడుచుకునే ఇళ్లు మావి. నేరుగా ఆయన ఇంటికి వెళ్లి, కంప్యూటర్లు పాడైపోతున్నాయి, తుడవాలి, తాళంచెవి ఇవ్వమన్నాను.

"తుడిసేదానికి నన్నడగాలేటి బావా? పట్టుకెళ్లు."

పిల్లలకు కబురు పెట్టాను. పాత బనియన్లు, చీర ముక్కలు తెచ్చుకుని వచ్చారు. వాళ్లలో ఆయన మనవరాలు కూడా ఉంది. గంటసేపు నిజంగానే తుడిచాం. తుడిచాక పని చేస్తున్నాయో లేదో చూడాలి కదా. స్విచ్ వేశాం. చాలా వరకు పని చేశాయి. కీలు పని చేస్తున్నాయో లేదో చూడాలంటే ఏదో ఒకటి కొట్టాలి. ఏం కొట్టాలో చెప్పాను. మనవరాలు వెబ్ పేజీకి పెట్టే రెండు గుర్తుల మధ్య తన పేరు రాసి, ఫైలు దాచి, తెరిచింది. తెల్లటి తెర మీద పేరు ఒక్కటే వచ్చింది.

"ఇంతేనా అంకుల్?" అంది.

"ఇంతే."

"నాను ఇంకేటో అనుకున్నాను," అని పక్కవాడు నవ్వి, తన పేరు దాని కంటే పెద్ద అక్షరాల్లో రావాలన్నాడు.

అప్పుడే ప్రెసిడెంటు వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఏటి బావా సేత్తన్నారు?" అన్నాడు.

"తుడుస్తున్నాం."

ఆయన తెరల వైపు చూశాడు. మనవరాలి పేరు చదివాడు. ఆ పిల్లనే అడిగాడు. "రేపు కూడా తుడవాలేటి?"

"సానా దుమ్ముంది తాతా," అంది ఆ పిల్ల.

ఆ తర్వాత ఆయన తాళంచెవి తిరిగి అడగలేదు. జూన్ మొదటి వారం దాకా రోజూ తుడిచాం. నాలుగు వాక్యాలు రాశారు, లింకులు ఇచ్చుకున్నారు. ఎక్కడికని తల్లులు అడిగితే తుడవడానికి అని చెప్పి వచ్చేవాళ్లు. ఎవరూ దాన్ని క్లాసు అనలేదు. నేనూ అనలేదు. ఇది మా ఆవిడ అనుకున్న పని అని ఒక్కసారైనా పైకి చెప్పాలని ఉండేది. చెబితే అది ప్రారంభమైనట్టు అవుతుంది. అందుకని చెప్పలేదు. జరిగినందుకు సంతోషించాలని నాకు తెలుసు. దొంగచాటుగా జరగాల్సి వచ్చిందన్న మంట మాత్రం పోలేదు.

పిల్లలు హాస్టళ్లకు వెళ్లిపోయారు.

మొన్న ప్రెసిడెంటు వచ్చి, దసరా వెళ్లాక ప్రారంభోత్సవం ఖాయం చేశామని చెప్పాడు. అప్పటికి నాకు ఏడాది అయిపోతుంది గనుక దీపం నేనే వెలిగించాలట. ఎవరికి నేర్పుతామని అడిగాను.

"ఎవరో ఒకరు రారేటి బావా," అన్నాడు.

తాళంచెవి ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆదివారం వెళ్లి మళ్లీ తుడిచి వచ్చాను.