ఒక కన్ను తెరిచి నిద్రపోవడం

హైదరాబాదులో ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలకు ఇంగ్లిష్ జాతీయాలు నేర్పడం నా వృత్తి. ఆ మధ్యాహ్నం మచిలీపట్నంలో అవనిగడ్డ బస్సెక్కి తర్వాతి పాఠం తిరగేస్తున్నాను. అప్రమత్తత మీద ఇంగ్లిషువాళ్లకు ఎన్ని మాటలో! "కీప్ ఎన్ ఐ" అంటే ఒక కన్నేసి ఉంచడం. "స్లీప్ విత్ వన్ ఐ ఓపెన్" అంటే ఒక కన్ను తెరిచే నిద్రపోవడం. ఎక్కడా రెండో కన్ను ఖర్చు పెట్టరు. మహా పొదుపరులు.

కిటికీ బయట నుంచి ఒకావిడ పలకరించింది. "అన్నయ్యగారూ, ఎందాకా అండీ?"

"మోపిదేవి."

"మా అత్తయ్యగారు అవనిగడ్డ వెళ్తున్నారండీ. కాస్త చూస్తుండండి."

పేరైనా అడగకుండా ఏకంగా ఒక మనిషిని నాకు అప్పగించేసింది. నా విద్యార్థులు పెన్ను కూడా అంత నమ్మకంగా ఇవ్వరు. పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. బాధ్యత ఎంత గట్టిగా నెత్తికెత్తుకున్నానంటే, బస్సు ఊరు దాటకముందే నిద్రపోయాను.

ఎవరో భుజం తడితే మెలకువ వచ్చింది. బస్సు ఆగి ఉంది. నా బ్యాగు పెద్దావిడ ఒళ్లో ఉంది. "ఉండవయ్యా, ఈ అబ్బాయి దిగాలి," అని కండక్టరును గదమాయిస్తోంది.

"మీరు కాసేపైనా పడుకోలేదా మామ్మగారూ?" అన్నాను, సంరక్షకుడి హోదాలో.

"ఎలా పడుకుంటాను బాబూ? 'ఆయన ఈ వైపుకి కొత్తలా ఉన్నారు, కాస్త చూస్తుండండి అత్తయ్యా' అని ఎక్కేముందే మా కోడలు చెప్పింది."

దిగాను. బస్సు మలుపు తిరిగేదాకా ఆవిడ కిటికీలోంచి నన్నే చూస్తూ ఉంది. పాపం, ఇంగ్లిష్ రాదు కదా, రెండు కళ్లతోనూ.